పది నిమిషాల్లో ఇల్లు వదలాలంటే: మా ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పాఠం

ఇంగ్లీషు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒక పిలుపు రాని వారం ఉండదు. పోస్టర్ పోటీ, నినాదాల పోటీ, ఆన్‌లైన్ క్విజ్, చివర్న ఒక సర్టిఫికెట్. చాలావాటిని చూసి వదిలేస్తుంటాను. నిరుడు జులై ఆఖర్లో వచ్చినదాన్ని మాత్రం వదలబుద్ధి కాలేదు. రెండు పేజీల పాఠం, అంతే. ఆగస్టు 19 వచ్చే వారంలో వేర్వేరు దేశాల ఇంగ్లీషు తరగతులు ఆ ఒక్క పాఠాన్నే చెప్పుకోవాలి. పిల్లలు రాసింది ప్యాడ్‌లెట్ అనే, అందరికీ కనిపించే ఒక ఆన్‌లైన్ గోడ మీద పెట్టాలి. ఇంకో దేశం పిల్లలు రాసింది చదివి, జవాబు రాయాలి. పోటీ లేదు, బహుమతి లేదు. సర్టిఫికెట్ కూడా లేదని తెలిసి మా స్టాఫ్ రూములో ఒకాయన "మరెందుకు మేడం?" అన్నారు.

ఆగస్టు 19 ఎందుకంటే అది ప్రపంచ మానవతా దినోత్సవం. 2003లో ఆ రోజున బాగ్దాద్‌లో కెనాల్ హోటల్లో ఉన్న ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడి జరిగి 22 మంది పోయారు. సమితి ప్రతినిధిగా అక్కడున్న బ్రెజిల్ ఆయన సెర్జియో వియెరా డి మెల్లో కూడా వాళ్లలో ఉన్నాడు. సాయానికి వెళ్లినవాళ్లే చనిపోయిన రోజు గనక, ఆ రోజును సహాయ కార్యకర్తల పేరిట జరపాలని 2008లో సమితి సర్వసభ్య సభ తీర్మానించింది. మొదటిసారి జరిపింది 2009లో. ఆ ఏడు మాకు ఇంకోరకంగా గుర్తు. ఆగస్టు 19 వెళ్లిన ఆరు వారాలకు, గాంధీ జయంతి నాడు, తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు పాతబస్తీ మునిగాయి.

మా హైస్కూలు ఆదోనికీ మంత్రాలయానికీ మధ్య ఒక ఊళ్లో ఉంది. ఈ పడమటి మండలాల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఎక్కువ భాగం వానదేవుణ్ణి నమ్ముకున్న చేలు. ఖరీఫ్ అయిపోతే చేతికి పనుండదు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. చేను పక్కన గుడిసె వేసుకుని నెలల తరబడి అక్కడే ఉంటారు. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు పెడతారు. కానీ చంటిపిల్లను ఎత్తుకోవడానికి అక్క కావాలి, కోతకు ఇంకో రెండు చేతులు కావాలి. నవంబరు దాటితే నా అటెండెన్స్ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది.

హెచ్.ఎం. గారు ఒప్పుకోవడానికి పెద్ద ఇబ్బంది పెట్టలేదు. ఫార్మేటివ్ పరీక్షలు పోగా, పంద్రాగస్టు రిహార్సల్స్ పోగా మిగిలిన పీరియడ్లలో చేసుకోమన్నారు. లెక్కల సార్ తన పీరియడ్ ఒకటి ఇచ్చారు. తల్లిదండ్రులకు కబురు చేసి ఒప్పుదల కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. పిల్లల ముఖాలు కనపడే ఫొటోలు పెట్టొద్దని, పేరులో మొదటి అక్షరం చాలని నిర్వాహకులే ముందుగా షరతు పెట్టారు. అది చదివాకే వాళ్ల మీద నాకు గురి కుదిరింది.

పాఠంతో పాటు వచ్చిన ఫొటోలను నేను వాడలేదు. గుడారాలు, బురద, కెమెరా వైపు చూస్తూ ఏడుస్తున్న చిన్నపిల్ల. ఏ దేశం పిల్లో తెలియదు, ఆ ఫొటో తీస్తామని ఆ తల్లిని ఎవరైనా అడిగారో లేదో తెలియదు. మన పిల్లల ముఖాలకు అన్ని జాగ్రత్తలు పెట్టి, ఆ పిల్ల ముఖాన్ని మాత్రం స్మార్ట్ బోర్డు మీద అంత పెద్దదిగా చూపించమంటే నాకు మనసు ఒప్పలేదు. ఫొటోలు పక్కనపెట్టిన సంగతీ, ఎందుకు పెట్టానో కూడా వాళ్లకు రాసి పంపాను.

పాఠంలో మొదటి పని ఇది: పది నిమిషాల్లో ఇల్లు వదిలి వెళ్లాలి, ఒక్క సంచి మాత్రమే పట్టుకోవచ్చు, ఏమేం పెట్టుకుంటారు? నమూనాగా ఒక జాబితా ఇచ్చారు. పాస్‌పోర్టు, ఫోను, ఛార్జరు, దుప్పటి, బొమ్మ ఎలుగుబంటి. టీచరుకు సూచన: పిల్లల్ని కళ్లు మూసుకుని ఊహించుకోమనండి.

మా వాళ్లు ఎవరూ కళ్లు మూసుకోలేదు. నేను బోర్డు మీద ప్రశ్న రాసి వెనక్కి తిరిగేసరికే మూడో బెంచీ నుంచి ఒక పిల్లాడు మొదలుపెట్టాడు. "టార్పాలిన్ పట్ట మేడం. ఫస్ట్ అదే." ఆ వెనకే ఒకదాని మీద ఒకటి. జొన్నపిండి, ఎండుకారం, అగ్గిపెట్టె, చెంబు, రొట్టె పెనం, కొడవలి, తాడు, టార్చి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి. "పెనం ఎందుకురా, బరువు కదా?" అన్నాను. "పెనం లేకుంటే రొట్టెలు యాడ కాల్చుకుంటాం మేడం?" అని నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. పుస్తకాల సంచి ఎవరూ చెప్పలేదు. నేనే అడిగితే ఒకమ్మాయి ఇంగ్లీషులోనే జవాబిచ్చింది: "స్కూల్ బ్యాగ్ నో మేడం. వెయిట్."

పాఠం రాసినవాళ్లు ఊహకు వదిలిన చోట నా తరగతికి అనుభవం ఉంది. ఈ పాఠం మొత్తానికి ఆయువుపట్టు అదే అయింది. ఎక్కడో కష్టంలో ఉన్నవాళ్లను ఇక్కడ సుఖంగా కూర్చుని తలుచుకునే పాఠంగా రాసినట్టుంది దాన్ని. మా పిల్లలు ఆ బెంచీలో ఇమడలేదు. వాళ్లు నేరుగా అటువైపు వెళ్లి కూర్చున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రోజు నోరు విప్పని పిల్ల ఒకతె ఉంది. కిందటేడు సుగ్గిలో వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. తనను నేను అడగలేదు. బొమ్మ గీస్తావా అంటే గీస్తానంది, సంచి గీసి రంగులు వేసింది, అంతే. మీ సొంత కథ చెప్పండి అని తరగతిలో నిలబెట్టి అడిగే పాఠం కాదిది. చెప్పాలనిపించినవాళ్లు ఎలాగూ చెబుతారు.

రెండో భాగం చదవడం. ఆగస్టు 19 కథ, దాని కింద రెడ్‌క్రాస్ కథ. 1859లో ఇటలీలోని సోల్ఫెరీనోలో యుద్ధం జరిగిన రోజు సాయంత్రం వ్యాపారం పని మీద అటు వచ్చిన స్విట్జర్లాండ్ ఆయన హెన్రీ డ్యూనాంట్ గాయపడి పడి ఉన్న వేలమందిని చూశాడు. ఊళ్లోని ఆడవాళ్లు ఏ దేశం సైనికుడని చూడకుండా అందరికీ నీళ్లిచ్చి కట్లు కట్టారు. తరవాత 1863లో జెనీవాలో ఆ సంస్థ పుట్టింది. చదివించాను, అర్థమైంది, కానీ తరగతి చల్లబడింది. ఇటలీ వాళ్లకు మరీ దూరం.

అప్పుడు బుడ్డా వెంగళరెడ్డిని తెచ్చాను. ఉయ్యాలవాడ ఆయన, మన ఉమ్మడి కర్నూలు జిల్లావాడే. 1866 కరువులో ఊళ్లూళ్ల నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టించాడు, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. డ్యూనాంట్, వెంగళరెడ్డి ఒకే కాలం మనుషులని తేదీలు పక్కపక్కన రాస్తే పిల్లలు లేచి కూర్చున్నారు. "మరి మనం రోజూ తినే అన్నానికి ఎవరి పేరుంది?" అంటే గట్టిగా అరిచారు, డొక్కా సీతమ్మ అని. మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టాక పేరు అందరికీ నోటికొచ్చింది గానీ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. గోదావరి లంకల్లో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలని చెప్పాను. ఈ ముగ్గురిలో ఒకరి మీద తలా నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయమంటే, ఎక్కువమంది వెంగళరెడ్డి మీద రాశారు. గోడ మీద పెట్టాక ఆయన గురించి అడిగినవాళ్లూ ఎక్కువే.

ఇంటి పని కింద 2009 వరద గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. నా పిల్లలు అప్పటికింకా పుట్టలేదు. మర్నాడు పుస్తకాల్లో తెలుగులో రాసుకొచ్చినవి చదివితే నాకే ఒళ్లు జలదరించింది. రాత్రంతా మిద్దె మీద వానలో నిలబడ్డవాళ్లు, బర్రెను విప్పి వదిలేసి వచ్చినవాళ్లు, గింజల కుండ కోసం వెనక్కి వెళ్లబోతే నలుగురూ పట్టి ఆపినవాళ్లు. అవి ఇంగ్లీషులోకి మార్చడానికి వాళ్లకు నా సాయం కావాల్సి వచ్చింది. కానీ మామూలుగా ఇంగ్లీషు పీరియడ్లో నా సాయం అడిగే పిల్లలు ఎందరు? ఆ రోజు నా టేబుల్ చుట్టూ గుంపు. "ప్రవాహంలో కొట్టుకుపోయింది" ఎట్లా చెప్పాలి మేడం, "గొంతు పోయేట్టు పిలిచింది" ఎట్లా చెప్పాలి మేడం అని. భూతకాలం క్రియలు నేను నేర్పిన ఏ వ్యాయామంలోనూ ఇంత ఆత్రంగా అడిగించుకోలేదు.

పాఠంలో అన్నిటికన్నా నాకు నచ్చిన భాగం మూడోది. విపత్తుల్లో సాయం ఎంత ఉండాలో అంకెలతో చెప్పే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయి. 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్ ఉద్యమం కలిసి ఈ పని మొదలుపెట్టాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. ఒక్క కుళాయికి 250 మంది మించకూడదు. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి. తలదాచుకునే చోట మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు. పాఠంలో ఈ అంకెలిచ్చి, కింద ఖాళీలు పూరించమన్నారు. ఖాళీలు పూరిస్తే ఏమొస్తుంది? లెక్కల సార్ పీరియడ్ ఇందుకే అడిగి తీసుకున్నాను.

మా గదిలో నేల మీద బేతంచెర్ల బండలు, రెండడుగులకు రెండడుగులవి. బెంచీలు వరండాలోకి జరిపాం. 3.5 చదరపు మీటర్లంటే సుమారు 38 చదరపు అడుగులని సార్ బోర్డు మీద కట్టి చూపించారు. బండలైతే తొమ్మిదిన్నర. చాక్‌పీసుతో గీత గీశారు. అందులో ఒకణ్ణి పడుకోబెట్టారు. చేతులు చాపమన్నారు, పక్కకు తిరగమన్నారు. తరవాత గది మొత్తం లెక్క కట్టారు. ఇరవై అడుగులకు ఇరవై. పది మంది పడతారు. నలభై మందిమి రోజూ కూర్చునే గదిలో, అన్నీ పోగొట్టుకున్నవాళ్లకు కనీసం ఇవ్వాల్సిన జాగా లెక్కన, పదే మంది.

అప్పుడు టార్పాలిన్ పిల్లాడు గీతల మధ్యకొచ్చి నిలబడ్డాడు. కాలితో అడుగులు కొలిచి ఒక మూల నుంచి ఇంకో మూలకు ఇంకో గీత గీశాడు, ఇంచుమించు ఒకటిన్నర మనిషి జాగా. "ఇది మా గుడిసె మేడం. గుంటూరు కాడ. మేము ఆరు మందిమి." తరవాత ఎవరూ అడగకుండానే ఇంగ్లీషులో కలిపాడు: "సిక్స్ పీపుల్. నాట్ ఎనఫ్."

లెక్కల సార్ నా వైపు చూశారు. మా ఇద్దరికీ వెంటనే మాట రాలేదు. పిల్లలకు మాత్రం అది సిగ్గుపడాల్సిన విషయంలా లేదు, తేలిన లెక్కలా ఉంది. ఇంకో ఇద్దరు తమ గుడిసెలు గీశారు. నీళ్ల లెక్క, మరుగుదొడ్డి లెక్క కూడా వాళ్లే అడిగి కట్టుకున్నారు. వరదలోనో యుద్ధంలోనో చిక్కుకున్నవాళ్లకు ఉండాల్సిన కనీసం, ఏటా కూలికి పోయే మన ఊరి కుటుంబానికి ఉండటం లేదు. ఇది నేను చెప్పిన మాట కాదు, బండల మీద చాక్‌పీసు చెప్పింది. గోడ మీద మేం పెట్టిన ఫొటో ఇదొక్కటే, ముఖాలు లేవు, నేల, గీతలు, చెప్పులు లేని కాళ్లు.

చర్చ కూడా జరిగింది. సాయం పంచడంలో నిష్పాక్షికత అంటే అవసరం ఎక్కువున్నవాళ్లకు ముందు అని పాఠంలో ఉంది. ఒక పిల్ల లేచి, "మా జేజి చెప్పింది మేడం, వరదప్పుడు పొట్లాలు రోడ్డు పక్కనోళ్లకే అందినాయంట. లోపలి వీధులోళ్లు నీళ్లలో నడిచొచ్చేసరికి అయిపోయినాయంట" అంది. పంచేవాడు నువ్వైతే ఏం చేస్తావని అడిగాను. ముసలివాళ్లకు ముందని ఒకరు, బాలింతలకు ముందని ఒకరు, ముందొచ్చినవాళ్లకే ముందని ఒకడు. వాడి మీద అందరూ విరుచుకుపడ్డారు. వాడూ తగ్గలేదు. "ముందొచ్చినోడు కూడా ఆకలికే వచ్చినాడు కదా" అన్నాడు. గంట కొట్టేసినా తెగలేదు. తెగకపోవడమే మంచిదనిపించింది.

ఇక గోడ. మాకు జోడీగా ఇచ్చింది అర్జెంటీనాలో ఒక తరగతిని, దక్షిణ టర్కీలో ఒక తరగతిని. అర్జెంటీనా మనకు ఎనిమిదిన్నర గంటలు వెనక. మా బడి అయిపోయేసరికి వాళ్లకు తెల్లారుతుంది. అందుకని వీడియో కాల్ మాట వదిలేసి వాయిస్ రికార్డింగులు పంపుకున్నాం. స్కూలు నెట్ మీద ఆధారపడకుండా నా ఫోన్ హాట్‌స్పాట్ వాడాను. వాళ్ల సంచుల్లో కుక్కపిల్లలు, మాతే అనే పానీయం తాగే గిన్నె, ఫ్లాస్కు ఉన్నాయి. ఇంత కష్టంలోనూ టీ మానరన్నమాట అని మా వాళ్లు మురిసిపోయారు.

టర్కీ తరగతి ఆగస్టులో లేనే లేదు, వాళ్లకు వేసవి సెలవులు. బడులు తెరిచేది సెప్టెంబరులో. వాళ్లు రాసే వేళకు మాకు దసరా సెలవులు దగ్గరపడ్డాయి. ప్రపంచమంతా ఒకే వారం అనుకున్నది అక్కడే చెడింది. కానీ ఆలస్యంగా వచ్చినా వాళ్ల ఉత్తరాలే మా పిల్లలు ఎక్కువసార్లు చదివారు. 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున వచ్చిన 7.8 తీవ్రత భూకంపాన్ని చూసిన పిల్లలు వాళ్లు. ఆ దేశంలోనే 50 వేలమందికి పైగా పోయారు. వాళ్ల సంచుల్లో మొదటి వస్తువు బూట్లు. ఇప్పటికీ మంచం పక్కనే బూట్లు పెట్టుకుని పడుకుంటామని ఒకమ్మాయి రాసింది. గాజు పెంకుల మీద నడవాల్సి వస్తుందట.

మా వాళ్లకు ఒక అనుమానం వచ్చింది. వరద కథలు విన్న పిల్లలు కదా, మిద్దె ఎక్కితే బతికిపోతామని వాళ్ల లెక్క. టర్కీ పిల్లలను అదే అడిగారు, మీరు మిద్దె ఎందుకు ఎక్కలేదు అని. రెండు రోజులకు జవాబొచ్చింది: మిద్దెలే మా మీద పడ్డాయి.

అది చదివినప్పుడు గదిలో కాసేపు గొడవ లేదు. తరవాత చర్చ మొదలైంది, భూకంపమైతే ఎక్కడికి పరిగెత్తాలి, వరదైతే ఎక్కడికి, రెండూ ఒకేసారి వస్తే అని. పిల్లలు కదా. సైన్సు మేడం కూడా వచ్చి పావుగంట చెప్పారు. టర్కీ పిల్లలకు మా జవాబు మొదటిసారి నా దిద్దుబాటు లేకుండానే వెళ్లింది. తప్పులున్నాయి. అర్థమవుతుంది.

గోడ మీద మిగతావి కూడా చదివాను. ఎక్కువ భాగం పావురాలు, భూగోళం చుట్టూ పట్టుకున్న చేతులు, శాంతి కావాలనే నినాదాలు. అందంగానే ఉన్నాయి. కానీ ఒకటి చదివితే పది చదివినట్టే, జవాబు రాయడానికి ఏమీ దొరకదు. జవాబులు వచ్చినవన్నీ పెనం, బూట్లు, బర్రె, గింజల కుండ ఉన్నవాటికే. ఈ మాట నిర్వాహకులకు రాశాను. పోస్టరు పని తీసేసి ఆ సమయం ఉత్తరాలకు ఇవ్వమన్నాను. ఖాళీలు పూరించే చోట నేల మీద గీతలు గీయించమన్నాను. తేదీ విషయంలో కూడా, ఆగస్టు 19న మొదలుపెట్టినా జవాబుల వంతు అక్టోబరు ఆఖర్లో ఉంచమన్నాను. అప్పటికి టర్కీ బడులు తెరుస్తారు, మాకు దసరా అయిపోతుంది, సుగ్గి బండ్లు ఇంకా బయల్దేరవు.

పిల్లల సలహా ఏమైనా ఉందా అని వాళ్లు తిరిగి అడిగారు. తరగతిలో పెట్టాను. సంచి ప్రశ్న బాగాలేదన్నారు. సంచిలో ఏముందో తరవాత సంగతి, ఇంట్లో ఎవరు ఉండిపోతారో ముందు అడగాలట. సుగ్గికి పోయేటప్పుడు ముసలవ్వకు తాళం చెవి ఇచ్చి పోతారు కదా. ఈ ఏడాది వచ్చిన పాఠంలో మొదటి ప్రశ్న అదే ఉంది, మా పిల్లల ఇంగ్లీషును కొంచెం సరిచేసి: మీతో ఎవరు వస్తారు, ఎవరు ఉండిపోతారు, ఉండిపోయినవాళ్లకు నీళ్లు ఎవరు తెచ్చిస్తారు?